పదిహేడో ముక్క

వెనక సీట్లో కోళ్ళు కాపురముండేవి.
మైతేనా తాత పోయాక ఇరవై రెండేళ్ళు
ద్రాక్షతోట చివర రేకులషెడ్డులో
ముక్కు గోడకానించి నిలబడింది
నల్ల మోరిస్, యాభై రెండు మోడలు,
పాఠం అప్పజెప్పని పిల్లాడిలా.

కార్మెలో ఊళ్ళో దాని గొంతు గుర్తున్నవాణ్ణి
నేనొక్కణ్ణే మిగిలానట.
ట్రాక్టరుకు కట్టి నా గుమ్మంలోకి ఈడ్చుకొచ్చింది.
"అనాక్లేతో మామా, ఇది బతుకుతుందా?"
మాతే పీలుస్తూ బంపరుని ఓ తన్ను తన్నాను.
లోపల్నించి ఎలకొకటి దూకి
నాకంటే ముందు జవాబు చెప్పి పోయింది.

పిస్టన్లు బిగుసుకుపోయాయి.
నాలుగు సిలిండర్లలోనూ
కిరసనాయిలూ గేరునూనే కలిపి పోసి
ఆలివ్ కాయల్లా ఊరబెట్టాం.
పొద్దున్నే ఆ పిల్ల హాండిలు పట్టుకు వేలాడేది.
నేను గోడమీద బొగ్గుతో పద్దు రాసేవాణ్ణి:
లేదు. లేదు. లేదు.
పదో రోజు వెంట్రుకవాసి కదిలింది.
ఇద్దరం ఏమీ అనలేదు.
మైతేనా మాత్రం హాండిలు వదలకుండా
నాడి దొరికినట్టు అలాగే నిలబడిపోయింది.

తర్వాత మురికి.
మురికంటే మీరనుకునే మురికి కాదు.
సంపు విప్పితే
ఎన్నో ఏళ్ళ నూనె అడుగంటి
మాడిన బెల్లప్పాకంలా పేరుకుని ఉంది.
చెంచాతో తవ్వాను, గరిటెతో,
చివరికి వేళ్ళతో.
పిస్టన్ల నెత్తిన మసి పెచ్చులు
చెక్కపుల్లతో, ఓపిగ్గా,
పసిపిల్ల మాడుమీది పొక్కులు తీసినట్టు.
నీటిదారుల్లో గొట్టం పెడితే
గంటన్నరపాటు ఎర్రటి నదే కారింది.
ఆదివారం చర్చిలో చేతులు జోడిస్తే
నా గోళ్ళు చూసి పక్కావిడ
కాస్త జరిగి కూర్చుంది.

అప్పుడు తగిలింది వేలికి.
కిరసనాయిల్లో కడిగితే మెరిసింది:
గోరంత ఉక్కుముక్క, సగం ఉంగరం,
వాల్వు కాడని పట్టుకునేది.
ఎనిమిది వాల్వులకి పదహారు ముక్కలు.
ఆ పదహారూ అప్పటికే పళ్ళెంలో ఉన్నాయి.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు.
ఈ పిల్ల తాత, దొన్ బాల్దొమేరో,
నాకు స్పానరు పట్టడం నేర్పినవాడు.
"ముందు రంధ్రాల్లో గుడ్డలు కుక్కు,
ఆ తర్వాతే వాల్వు ముట్టుకో" అని
చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు.
ఆ రోజు వీధిలో సైకిలు పందెం.
గుడ్డలు కుక్కలేదు.
టింగ్.
అంత చిన్న చప్పుడు.
"ఏమైనా పడిందా?"
"లేదు. అమ్మతోడు."
డబ్బాలోంచి ఇంకో ముక్క కాజేసి బిగించాను.
ఆయన సంపు విప్పమనలేదు.
చేతులు తుడుచుకుని
"పో, పందెం అయిపోతుంది" అన్నాడు.

ఎవరు గెలిచారో గుర్తులేదు.
ఆ తర్వాత ఆ కారు ఎటు వెళ్ళినా
నా చెవి దాని వెంట పరిగెత్తేది,
ఏ మలుపులో గిలక్కొడుతుందోనని.
పెళ్ళిళ్ళకి వెళ్ళింది, పురుళ్ళకి వెళ్ళింది,
ఒకసారి వరదలో పందుల్ని కూడా మోసింది.
ఒక్కనాడూ కొట్టలేదు.
ఇప్పుడు తెలిసింది:
మురికే దాన్ని అడుగున
పొదివి పట్టుకుంది.
ఇంత శుభ్రం చేశాను కదా,
ఇకమీదట ఇందులో ఏది పడ్డా
చప్పుడు చేస్తుంది.

"అదేంటి మామా?"
"పదిహేడోది."
ఆమె పళ్ళెం రెండుసార్లు లెక్కపెట్టింది.
"పదహారే కదా ఉండాలి?"
చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టాను.

నిన్న సంపు బిగించాక వాల్వుల వంతు.
రంధ్రాల్లో గుడ్డలు తనే కుక్కింది,
పాత దుప్పటి చింపిన పీలికలు.
పనయ్యాక తీస్తే ఐదొచ్చాయి.
"ఆరు కదూ?"
"ఐదే మామా. ఒట్టు."

నా చెయ్యి టార్చి దాకా వెళ్ళింది.
దాన్నక్కడే ఉంచి,
శుభ్రంగా ఉన్న వేళ్ళని
ఒక్కొక్కటే, చాలాసేపు తుడుచుకున్నాను.

దొన్ బాల్దొమేరో కూడా
ఆ రోజు చాలాసేపే తుడుచుకున్నాడు.