నిన్నటికి టికెట్టు

అపియా నుంచి పాగో పాగోకి
నూట పాతిక కిలోమీటర్లు.
గాలి వాలుగా ఉంటే ముప్పై అయిదు నిమిషాలు,
లేకపోతే నలభై.
సముద్రమే లేకపోతే కూతవేటు దూరమనేవాళ్లం.
ఇంతవరకూ అందరికీ అర్థమవుతుంది.

తర్వాతిది చెప్పేటప్పుడే
కౌంటరు మీదికి కాస్త వంగుతాను:
ఇవాళ మంగళవారం ఎక్కితే
సోమవారం దిగుతారు.
మధ్యలో నీళ్ల మీద ఒక గీత ఉంది.
పైలట్‌కి కనిపించదు.
చేపలు పట్టించుకోవు.

పదకొండేళ్లుగా ఇదే నా ఉద్యోగం.
ముందు సంచుల్ని తూస్తాను, తర్వాత మనుషుల్ని.
చిన్న విమానం కదా,
ఎవరి బరువు వాళ్లు ఒప్పుకోవాల్సిందే.
పాస్టరుగారు బూట్లు విప్పి ఎక్కుతారు.
పెళ్లికెళ్లే ఆడపిల్లలు ఊపిరి బిగబడతారు,
అదేదో కిలోల్లో తగ్గుతుందన్నట్టు.
"నిన్నటి అప్పు అక్కడికెళ్లి కట్టేస్తే వడ్డీ మాఫీయేనా?"
వారానికొకడైనా అడుగుతాడు.
నవ్వుతాను. జీతంలో అదీ ఒక భాగం.

ఆ గీత ఒకప్పుడు మాకు పడమట ఉండేది.
ప్రభుత్వం దాన్ని తూర్పుకి జరిపిన ఏడాది
మా దేశానికి ఒక శుక్రవారం రాలేదు.
గురువారం పడుకున్నాం, శనివారం లేచాం.
మా ఫెలేతి పుట్టినరోజు ఆ శుక్రవారమే.
ఆరు నిండాల్సినవాడు
నా కేకు ఎవరు తినేశారని ఇల్లు పీకి పందిరేశాడు.
ఇప్పటికీ వయసడిగితే
ఒకటి తగ్గించే చెబుతాడు.

లుపెసినా వచ్చింది ఒక మంగళవారం.
సామాను? లేదు.
చేతిసంచి? లేదు.
చేమదుంపల పెట్టె లేకుండా
పాగో పాగోకి ఎవరూ వెళ్లరు.
తలెత్తి చూశాను. జుట్టు దువ్వుకోలేదు.

"తమ్ముడు. తెల్లారగట్ల నాలుగింటికి.
చెల్లెలు మసినా అక్కడ చేపల ఫ్యాక్టరీలో.
ఫోన్లో చెప్పే మాట కాదు."
తర్వాత, త్రాసు మీద నిలబడే,
"దిగేసరికి ఎంతవుతుంది?"

సోమవారం, మధ్యాహ్నం రెండు.

"సోమవారం రెండింటికి
వాడు బొప్పాయి ముక్క తిన్నాడు.
ఉప్పు చల్లలేదని నర్సు మీద గొణిగాడు."

డెబ్బై ఎనిమిది కిలోలు.
రాసుకున్నాను.

బుధవారం ఇద్దరూ కలిసి వచ్చారు,
అక్కడి మంగళవారంలోంచి.
మసినా కారు కోసం బయటికెళ్లినప్పుడు
లుపెసినా నా దగ్గరికొచ్చి నిలబడింది.
అడగకుండానే చెప్పింది:
ఆ సాయంత్రం చెప్పలేదట.
చెల్లెలు అన్నం పెడితే తిందట,
తమ్ముడెలా ఉన్నాడంటే
బొప్పాయి తిన్నాడందట.
రాత్రంతా గోడ గడియారం కింద కూర్చుని
అక్కడ మంగళవారం నాలుగు కొట్టాక
అప్పుడు లేపిందట.

వచ్చేవాళ్లని మేము తూచం.
తూచడానికి కాగితంలో గడి కూడా లేదు.
వాళ్లు గుమ్మం దాటాక
ఖాళీ త్రాసు ముల్లు వైపు చూశాను.
సున్నా దగ్గరే ఉంది,
కొంచెం కదులుతూ,
ఫ్యాను గాలికి.