సాటి

కాటన్‌పేట సందులో మా పరుపుల అంగడి.
దూది ఏకే యంత్రం ఆపితే గానీ
అజా వినపడదు.

తమ్ముడు దస్తగిరి పోయినేడు
ఆధార్ కార్డులో పేరు మార్పించుకున్నాడు:
అబ్దుల్ వాహిద్.
ఒక్కడికే దాసుణ్ణి, పీరు పేరు నాకొద్దన్నాడు.
అంగడి బోర్డు మీద మాత్రం ఇంకా దస్తగిరే,
పెయింటరు మూడువేలడిగాడు.

మా అమ్మ పేరు పీరమ్మ.
కదిరి పక్క పల్లె నించి
దూదిమూటల మీద కూచుని ఈ వూరొచ్చింది.
ముంజేతికి మూడు చుట్ల దర్గా దారం.
కట్టిననాడు పచ్చన,
ఇప్పుడు ఏ రంగో చెప్పలేం.

"అమ్మా, అది షిర్కు" అన్నాడు వాడు
కంచం ముందు కూచుని, మెల్లగానే.
"ఏ పాపమైనా మన్నిస్తాడు గానీ
తనకు సాటి కల్పించి ఆ పాపంతోనే పోతే
మన్నించడు.
దారం కాపాడుతుందనుకుంటే
దారాన్ని ఆయన పక్కన కూచోబెట్టినట్టే."

తప్పని నేననలేను.
చదివినవాడు, నాకంటే నిక్కచ్చి మనిషి.

అమ్మ పులుసు కలుపుకుంటా
"దారానికేం తెలుసురా దస్తగిరీ,
మీ నాయన కట్టినాడు.
విప్పితే ఆ ముడి మళ్లీ ఎవరేస్తారు?"

వాడు బదులు చెప్పలేదు.
పేరు సరిదిద్దనూ లేదు.

ఆ రాత్రి ఇషా జమాత్ అయిపోయింది.
నేను సున్నతు చదువుతున్నాను.
పక్కనే తస్బీ తిప్పుతూ హాజీ సాబు,
హాస్టలుకి నలభై పరుపుల ఆర్డరు ఆయన చేతిలో ఉంది.
నా సజ్దా ఎందుకో పొడుగైంది.
నుదురు చాప మీదే,
కళ్లు మాత్రం పక్కకి, ఆయన బూడిదరంగు సాక్సు దాకా.

చిన్నప్పుడు మౌల్వీ చెప్పేవాడు,
చీకట్లో నల్లబండ మీద నల్లచీమలా
చప్పుడు లేకుండా వస్తుందని.
నేను దానికి బెల్లం పెట్టుకుని కూచున్నాను.

ఇంటికొచ్చేసరికి
అమ్మ చేతికి దారం లేదు.
ఎండ తగలని తెల్లటి గీత, అంతే.
ఏదే అంటే
"ఏదో దిండు మూతి విచ్చుకుంటే
నాలుగు కుట్లేసినా, చాలింది" అంది.

అర్ధరాత్రి నీళ్లకు లేచాను.
అంగట్లో వెలుగు.
తమ్ముడు సెల్‌ఫోను టార్చి నోట కరుచుకుని
దిండ్లు ఒక్కొక్కటే తిప్పి
మూతులు తడుముతున్నాడు.
నన్ను చూళ్లేదు.
వెనక్కొచ్చి పడుకున్నాను.

తెల్లారి హాజీ సాబు ఫోను.
"నీ సజ్దా చూసినా భాయ్,
ఆర్డరు నీకే."

అడ్వాన్సు నోట్లు
రెండుసార్లు లెక్కపెట్టాను.