రాజు ఉంటడు

కరెంటు పోయింది. సెల్లు వెలుతుర్ల
రేపటి పరీక్షకు నార్వే చదువుతున్న.
అమ్మ చింతపండుల గింజలు తీసుకుంట ఇంటుంది.
అమరచింత పక్కన మా ఊరికి
రెండేండ్ల సంది సర్పంచి, కుర్మమ్మ.

"ఎండకాలం ఉత్తరాన పొద్దు గుంకదు."
"మరి కూలోళ్లను ఇంటికెప్పుడు పంపుతరు?"
పుస్తకంల లేదు.

"కొండల నడుమకెల్లి సముద్రం
ఊర్ల లోపటిదాక వస్తది."
ఆమె చెయ్యి ఆగింది.
మా చివరి తూముకు కాలువ నీళ్ల కోసం
మూడు దరఖాస్తులు పెట్టింది మరి.
"ఉప్పునీళ్లమ్మా అవి."
"ఉప్పుయైతేంది, వచ్చినయి గద."

"రాజు ఉంటడు. సంతకం ఆయనది,
ఏలేది వేరేటోళ్లు."
గింజ టప్పున చాటల పడ్డది.
"ఐతే నేను రాజునే."

నేను నవ్విన. ఆమె నవ్వలే.
దండెం మీద నాయిన తెల్లంగి
జేబు బరువుకు ఒక దిక్కు వంగి ఉంది.
పంచాయతి ముద్ర అండ్లనే ఉంటది.

"ఆడోళ్లుంటరా, ఆళ్ల పెద్ద సభల?"
"సగానికి దగ్గర."
"కుర్సీలల్లనేనా?"
జవాబు చెప్పేలోపు కరెంటొచ్చింది,
ఫ్యాను తిరిగి పేజీలు ఎగిరినయి.

తెల్లారి పరీక్షకు పోతా చూసిన:
దండెం మీద అంగీ
నిటారుగ వేలాడుతుంది.