చాప మీద తడి అడుగులు

ముఖాలు నాకు గుర్తుండవు.
కామొమె స్నానశాలలో ముప్పై ఒక్క ఏళ్ళుగా
గల్లాపెట్టె వెనక ఎత్తు పీట మీద కూర్చుని
నేను చదువుకున్నది
చాప మీద తడి అడుగుల్నే.

వంపు లేని చదును పాదం ఉత్తరాలు పంచే మనిషిది.
బొటనవేలి గుర్తు ఒక్కటే ముదురుగా పడితే
వలలు కుట్టే సెత్సుజి వచ్చి వెళ్ళినట్టు.
కిహాచికి ఎడమ మడమ సగమే పడేది.
పడవ తాడు తెంచుకుపోయిన ఆ రెండో సగం
ఇంకా ఓఖోత్స్క్ సముద్రం దగ్గరే ఉంది.

నవంబరు నుంచి ఆ సగం మడమ కనిపించలేదు.
మోకాళ్ళ నొప్పులన్నారు.
పాలసీసా డబ్బుల దగ్గర నాతో తగాదా అన్నారు.
ఊరికి నోరుంటే చాలు, కాళ్ళెందుకు.

జనవరిలో, మంచు తవ్వే పార అడిగే నెపంతో
నేనే వెళ్ళాను.
గుమ్మంలో రబ్బరు బూట్లు, లోపల ఇంకా చెమ్మ.
స్కాలప్ పడవ మీద నలభై ఏళ్ళు
రాత్రి రెండింటికి తొడిగి
మధ్యాహ్నం దాకా విప్పని బూట్లు.
ఇంట్లోనూ మేజోళ్ళు తియ్యలేదతను.
టీ చల్లారింది.
అప్పుడు తీశాడు.

వేళ్ళ సందుల్లో నానిన కాగితంలా తెల్లటి చర్మం.
బొటనవేలి గోరు... గోరా అది?
రేవు కొయ్యకి కరుచుకున్న గుల్ల.
పచ్చగా, పొరలు పొరలుగా, గీకితే పొడి.

"నీటిపురుగు" అన్నాడు. మా ఊళ్ళో అందరూ అనేది అదే.
పురుగు కాదు. బూజు.
పాత రొట్టె మీది బూజుకి దూరపు చుట్టం.
వెనిగర్లో నానబెట్టాడట, చీలమండ దాకా కాలిన ఎరుపు.
"ఈ కాలు నీ చాప మీద ఎలా పెట్టను, త్సుయుకో?"

నేను జవాబు చెప్పలేదు.
చాప నాది.
అరవై జతల పాదాలకి రోజంతా ఒక్కటే చాప.
ఇతని నుంచి చాపకి వెళ్ళిందో
చాప నుంచే ఇతనికి వచ్చిందో
ఏ భూతద్దం చెబుతుంది?

డాక్టరు నుకాదా నా ఏప్రన్ కంటే చిన్నది.
గోరు పొడి అద్దం పలక మీద వేసి చాలాసేపు చూసింది.
ఉంది, అంది.
గోటి లోపలిదానికి మాత్రలు,
ముందు రక్తం చూసి కాలేయం ఒప్పుకుంటేనే.
వేళ్ళ సందులకి లేపనం,
దురద పోయిన రోజున మానెయ్యకుండా ఇంకో నెల.
"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను"
అన్నాడు కిహాచి.
"ఇక్కడ రోగి గోరేనండీ" అంది ఆ పిల్ల.
ముగ్గురం నవ్వాం. అతను కాస్త ఆలస్యంగా.

రెండో జత బూట్లు కొన్నాడు.
ఒక జత సముద్రం మీద ఉంటే
ఇంకో జత కడుపునిండా నిన్నటి వార్తాపత్రిక కుక్కుకుని
పొయ్యికి దూరంగా ఆరేది.
అయిదు వేళ్ళ మేజోళ్ళు చూసి మాత్రం
"కాళ్ళకి చేతి తొడుగులా!" అని వారం తొడగలేదు.

నేను చాపలు గంటకొకటి మార్చడం మొదలుపెట్టాను.
సబ్బు ఖర్చని మా ఆయన సణుగుడు.
బాయిలర్ వెనక తీగ మీద చాపలు,
ఎండ లేని ఊళ్ళో నేను చేసుకున్న ఎండ.

ఫిబ్రవరిలో ఏమీ లేదు.
మార్చిలో తేలే మంచు వచ్చి రేవుని మూసి, వెళ్ళిపోయింది.
గోరు నెలకి బియ్యపు గింజ మందమంతే నడుస్తుంది,
ఎవరు తొందరపెట్టినా.
ఏప్రిల్లో గోటి మొదట్లో
సన్నగా, గులాబి రంగులో, ఒక వంపు.
ఇంట్లో ఎవరికీ చూపించలేదట.
చేపల సంత వెనక, బకెట్ల మధ్య
చెప్పు విప్పి నాకు చూపించాడు.

మళ్ళీ అక్టోబరు. సాయంత్రం ఏడున్నర.
కొత్తగా పరిచిన చాప ముందు ఆగాడు.
చిటికెన వేలి గోరు ఇంకా పాతదే, వంకరగా.
"ఇది మొండిది" అన్నాడు.
స్నానం అయ్యాక గోడకానుకుని తుడుచుకున్నాడు,
ఒక్కో వేలి సందూ, చిక్కుపడ్డ వల విప్పుతున్నట్టు.
పాలసీసా తాగాడు. డబ్బులిచ్చాడు. వెళ్ళాడు.

చాప మీద ఎడమ మడమ, సగం.
ఆరేదాకా చూస్తూ కూర్చుందామనుకున్నాను.
గడియారం ఎనిమిది కొట్టింది.
చాప మార్చాలి.