మూడడుగులు వెనక్కి

లారీ మీద పండుకోని వొచ్చింది
నార్కట్‌పల్లి బైపాస్‌ల నా రేకుల షెడ్డుకు,
పండుమిరపంత ఎర్రటి కారు.
భూమికి జానెడు ఎత్తు లేదు.
కడుపు గీసుకపోతదని
ముత్యాలు చక్రాల కింద చెక్కలు పరిచిండు.

ఆసామి పండ్ల డాక్టరు.
"షోరూమోళ్లు పదకొండు లక్షలన్నరు.
డబ్బా మొత్తం మార్చాల్నట.
గేర్ల పండ్లు అరిగినయంటవా?"
"పండ్ల సంగతి మీకెరుక సారూ,
నేను ముందుగాల నూనె చూస్త."

మీటరు బిగించి డ్రైవ్‌ల పెడితే
ముల్లు పదిహేను కాడ నిలవడ్డది.
రివర్స్‌ల పెడితే
ఆరు కాడ వణికింది, చలిజరమొచ్చినట్టు.

మాది మర్రిగూడ దిక్కు.
నీళ్లు చెడితే ఏం పోతదో
మాకు ఒకలు చెప్పాల్సిన పని లేదు.
ముప్పై దాటకముందే మా చిన్నాయిన మోకాళ్లు
వంచిన సలాకలయినయి.
ఆ బోరు నీళ్లు గిలాసల పోస్తే
ఎంత తేటగుండేవో.

నూనె అట్ల మోసం చెయ్యదు.
దానిమ్మ రసం లెక్క ఉండాల్సింది
నల్లగ దిగింది గిన్నెలకు,
మాడిన తాలింపు వాసనతోటి.

తొంభై కిలోల డబ్బా, కప్పీ గొలుసుకు కట్టి దించినం.
లోపల ఒక్కొక్క ప్లేటు తీస్తుంటే
పెనం మీద మరిచిన జొన్నరొట్టెలు.
పండ్లు మాత్రం ఒక్కటి విరగలే.
డాక్టరుకు ఫోన్ చేసి చెప్పిన.
జర నారాజయినట్టే అనిపించిండు.

కంప్రెసరు గాలి ఒక్కో తొవ్వల కొట్టి
చెవి పెట్టి విన్న.
తుప్.
తుప్.
తుప్.
నాలుగోది స్స్‌స్స్...
పిస్టన్ లేవలే.
విప్పి చూస్తే రబ్బరు రింగు,
వేలు తాకంగనే
ఎండిన తుమ్మబంక లెక్క పుటుక్కుమన్నది.
రాణిగంజ్‌ల దాని ధర నూట నలభై.

ఇగ వాల్వు పలక.
సాగర్ ఎడమ కాలువను
ఎవరో అరచేతి మందాన చెక్కినట్టుంటది,
పిల్లకాలువలు, తూములు, షట్టర్లు.
ఒక్క తూము బిర్రబిగిస్తే
చివరి మడికి తడి అందదు.
చివరి మడి రివర్స్ గేరు.
కిరసనాయిల్‌తోటి రెండు దినాలు కడిగిన.
గుడ్డ పెట్టి తుడవలే.
నూలుపోగు ఒక్కటి చాలు, కాలువ పూడ్చనీకి.

కొత్త ప్లేట్లు నూనెల రాత్రంత నానినయి.
ఏడు ఉక్కు గోలీలు వాజిలిన్ అద్ది కూసోబెట్టిన.
బిగించిన. ఎక్కించిన. ఎర్ర నూనె పోసిన.
డ్రైవ్ పడ్డది. రివర్స్ పడలే.
మల్ల ఆరు కాడనే ముల్లు.

రాత్రి పదకొండు దాటింది.
హైవే మీద బెజవాడ బస్సులు
రేకులను అదరగొట్టుకుంట పోతున్నయి.
చాయ్ సాసర్‌ల, వాజిలిన్ ముద్ద కింద
సల్లగ మెరిసింది ఏడో గోలీ.

ఏడు పెట్టిననని
నా తల మీద ఒట్టేసి చెప్పేటోన్ని ఆ దినం.

"సామాను మిగిలితే పని మిగిలింది బేటా"
అనేటోడు మదార్ సాబ్.
ఉంటే తిట్టకపోవు.
రెండు చాయ్‌లు చెప్పి ఊకె కూసునేటోడు.
నాకు దానికే భయమైతుండె.

పోసిన నూనె మల్ల దించినం.
ముత్యాలు ఒక్క మాట అనలే,
పానాలు సైజు వారీగ అందిచ్చుకుంట పోయిండు.

తెల్లారగట్ల బ్రేకు మీద కాలు పెట్టి
పుల్లను వెనక్కి గుంజిన.
గడియసేపు ఏం లేదు.
తర్వాత, భుజం పట్టి
ఎవరో మెల్లగ గుంజుకున్నట్టు.

మూడొందల దాక ఉరుకుతనని
మీటరు మీద రాసుకున్న బండి
మూడడుగులు వెనక్కి నడిచింది.
ముత్యాలు ఈల కొట్టిండు.
వెనుకున్న డ్రమ్ము తగిలి బోర్లపడ్డది,
పాత నల్లనూనె గడప దాక పారింది.
తుడవాలె.
ఇద్దరం దాన్నే చూసుకుంట నిలవడ్డం.