పదో నియమానికి వివరణ

కోట్కా రేవులో ఫిబ్రవరి.
సముద్రం గడ్డకట్టి ఓడల పొట్టలకు అతుక్కుపోయింది.
మా అపార్ట్‌మెంటు అడుగున, బట్టలుతికే గది పక్కన,
ట్యూబులైటు కింద మాత్రం ఎండాకాలపు యుద్ధం:
ఆరు మూలల గళ్ళ మీద అర అంగుళం అట్టముక్కలు,
ముక్కకు పదేసిమంది మనుషులు.

టెర్హి పాచికలు వేసింది. పదకొండు.
అర్మాస్ దళానికి ధైర్యం చెదిరింది.
ముక్కను తిరగేశాడు.
వెనక కూడా ఆ మనుషులే,
అంకె ఒక్కటే చిన్నబోయింది.

"ఇప్పుడు చెప్పు" అన్నారిద్దరూ నావైపు తిరిగి.
నియమాలు రాసిన పాపం నాది.

పక్క గడిలో శత్రువుంటే
చెదిరిన దళం అక్కడ నిలవకూడదు.
అడవికో ఇంటికో పారిపోగలిగితే పారిపోవాలి.
లేకపోతే లొంగిపోవాలి.
ఇంతే రాశాను.

అడవి మూడు గళ్ళ అవతల.
మధ్యలో కోసేసిన రై చేను,
దాని మీద రెప్ప వేయని టెర్హి మెషిన్‌గన్.

"దారుంది" అంది టెర్హి. "తూటాలున్నా దారి దారే."
"అది దారైతే గోడ కూడా గుమ్మమే"
అన్నాడు అర్మాస్,
ముప్పై ఏళ్ళు రేవులో క్రేను నడిపినవాడు,
బరువు దించేముందు కిందికి చూసే అలవాటున్నవాడు.

ఆ వాక్యం రాసిన రోజు గుర్తుంది.
పళ్ళ డాక్టరు గుమ్మం ముందు, దవడ వాచి,
మోకాలి మీద కాగితం.
గలగడమంటే ఏమిటో రాయకుండానే
లోపలికి పిలిచారు.
కాళ్ళుంటే చాలా?

కాఫీ రసీదు వెనక రాయడం మొదలుపెట్టాను.
అ) చేరే చోటుండి, నడక సరిపోతే,
కాల్పులున్నా దారి ఉన్నట్టే.
ఆ) అయినా ఆ దళం పరుగెత్తకుండా లొంగిపో

ఇక్కడ పెన్ను ఆగింది.
వాలా? వచ్చా?
పక్కగదిలో ఎవరివో దుప్పట్లు
గిరగిరా తిరుగుతున్నాయి.
'వచ్చు' అని రాశాను.

ఇ) చేతులెత్తినవాళ్ళను కాల్చనూవచ్చు.
కాలిస్తే ఆట ముగిసేదాకా
నీకిక ఎవరూ లొంగరు.

అర్మాస్ ముక్కను ముందుకు జరిపాడు. లొంగాడు.

ఏడో వంతుకి వంతెన చేరాలి టెర్హి.
ఖైదీలకు కాపలా పెడితే ఒక దళం తగ్గుతుంది.
కాల్చేస్తే తగ్గదు.
యాలకుల రొట్టె తుంచింది, తినలేదు.
"వీళ్ళనెక్కడ ఉంచాలి?" అంది చివరికి.
అదీ రాయలేదు నేను.
తన ముక్క ఎత్తి, దాని కింద వాళ్ళని పెట్టుకుంది.
ఒకే గడిలో ఇరవైమంది,
పైవాళ్ళ నడక కిందివాళ్ళ నడకంతే.

వంతెన ఒక్క గడి దూరంలో ఆట అయిపోయింది.
"కాల్చాల్సింది" అన్నాడు గెలిచిన అర్మాస్.
"ఇ-లో అచ్చుతప్పుంది" అంది టెర్హి,
కోటు గుండీలు పెట్టుకుంటూ.

సర్దుతుంటే ఒక ముక్క తక్కువైంది.
బల్ల కింద, కుర్చీల కింద వెతికాం.

వారం తర్వాత దొరికింది,
బట్టలారబెట్టే యంత్రం జల్లెడలో,
అర్మాస్ స్వెట్టరు నూలుపోగుల మధ్య.
ఉబ్బిపోయి, అంకె పోయి,
ఎవరి సైన్యమో రంగు పోయి.
తిరగేసి చూశాను.
రెండు వైపులా తెలుపే.

దానికే నియమం వర్తిస్తుందో
ఇంకా ఎవరూ అడగలేదు.
జేబులో వేసుకున్నాను.