పట్టూ విడుపూ

ఫహాహీల్‌లో హాలు అద్దెకు తీసుకున్నాం,
తలా పది దినార్లు.
నా పదిలో రెండు రాత్రుల ఓవర్‌టైం ఉంది.
బయట నలభై ఎనిమిది డిగ్రీలు,
లోపల ఏసీ గాలికి బ్యానర్ వణుకుతోంది.

ఓబుళనాథ్ గారు వచ్చారు.
మెడలో మా కండువా,
ఎవరో వేస్తే వేయించుకున్నట్టు.
మైకు అందుకుని మొదటి మాటే అన్నారు:
"రాజకీయాల్లో పట్టూ విడుపూ ఉండాలి తమ్ముళ్లూ."
హాలంతా చప్పట్లు.
నా చేతులు మాత్రం ఒళ్లోనే ఉండిపోయాయి.

పట్టు గురించి నాకూ కొంచెం తెలుసు సార్.
పదకొండేళ్లుగా పరంజా కడుతున్నాను,
షువైబాలో, మీనా అబ్దుల్లాలో,
రిఫైనరీ గొట్టాల పక్కన గాల్లో నిలబడి.
మా పనిలో బిగించిన క్లాంపు ఉంటుంది, బిగించనిది ఉంటుంది.
సగం బిగించినదానికి మా ఫోర్‌మన్ ఒక పేరు పెట్టాడు,
అది ఈ హాల్లో పలికేది కాదు.

మన పార్టీ ఒక్క మాట మీద పుట్టింది.
మా మేనత్త నాగుళమ్మ
సారా ప్యాకెట్ల మూటని కాలవలో వేసి తొక్కిన రోజు
లాఠీ దెబ్బకి కుడి మోచేయి విరిగింది.
అతుక్కుంది గానీ మడవదు.
ఆ మడవని చేత్తోనే
ఇన్నేళ్లూ మీ గుర్తు మీద ముద్ర గుద్దింది.

మీరేమో వాళ్లతో కలిసి సంఘం వేశారు.
మూడు నెలలు టీలు తాగి
ఒక కాగితం తెచ్చారు: దశలవారీగా.
షాపు పదికి కాదట, తొమ్మిదిన్నరకి మూస్తారట.
బడికి వంద మీటర్లు కాదు, నూటయాభై.
అదే మన గెలుపట, స్వీట్లు పంచారట.
వాళ్లు మొత్తం అడిగితే మీరు సగం ఇచ్చారు.
రేపొచ్చి మిగిలినదాంట్లో సగం అడుగుతారు.
ఫిల్సుల్లో లెక్క చూసుకునే వాళ్లం,
సగాలు తీస్తూ పోతే ఏం మిగులుద్దో
మాకు ఒకరు చెప్పాలా?

లేచాను. వెనకనుంచి చొక్కా లాగారు.
"ప్రశ్నలు చివర్లో."
చివర్లో బిర్యానీ వచ్చింది.
ఆయన నా భుజం మీద చెయ్యేసి ఫొటో దిగి అన్నారు:
"నీలాంటోళ్లే పార్టీకి వెన్నెముక."
బస్సు సగం దూరం వచ్చాక తట్టింది జవాబు:
వెన్నెముక వెనకే ఉంటుంది గదా సార్,
అద్దంలో కనపడదు.

మహబూలాలో మా గదికి ఆరుగురం.
కింది మంచం సిద్ధయ్యది, అవతలి పార్టీ.
పోయిన ఎన్నికలకి మూడు నెలలు మాటల్లేవు,
రెండు పొయ్యిలు, రెండు ఉప్పు డబ్బాలు.
అప్పుడే నాకు జ్వరమొస్తే
మాట్లాడకుండానే గంజి కాచి పెట్టాడు.

"మీవోడూ మావోడూ ఒకే కార్లో పోయినారంట గదబ్బీ,"
నవ్వలేదు సిద్ధయ్య.
కాసేపాగి, "అయినా అబ్బీ,
నిషేధం ఉన్న ఈ దేశంలోనే గదా
క్యాన్లో కాచింది తాగి పుల్లారావు కళ్లు పోగొట్టుకున్యాడు?"

నా దగ్గర జవాబు లేదు.
జవాబు లేకపోవడం వేరు సిద్ధయ్యా,
మాట లేకపోవడం వేరు.
నువ్వు నాతో కొట్లాడింది నిజం.
అది చాలు, నీతో ఒక గదిలో పడుకోగలను.
ఆయనతో ఒక ఫొటోలో ఉండలేకపోతున్నాను.

రాత్రి పదకొండుకి అత్త ఫోను చేసింది.
అక్కడ ఒకటిన్నర, నిద్రపోలేదు.
"వచ్చినాడంట గదా. గట్టిగా మాట్లాడినాడా?"

ఇరవై రెండో నంబరు స్పానరు
రేపటి సంచిలో పెడుతూ అన్నాను:
"మైకు గట్టిగానే ఉండింది అత్తా."

అవతల గాజులు ఒకసారి చప్పుడై ఆగాయి.
ఫోను ఎడం చేత్తో పట్టుకుని ఉంటుంది.